గడ్డ ముందా, డి విటమిన్ ముందా

వృత్తి జీవితమంతా లైట్లార్పిన గదిలో గడిపినదాన్ని. స్కానింగ్ తెర మీద నలుపులో నలుపు వెతకడం నా పని. కాబట్టి ఎండ గురించి మాట్లాడే అర్హత నాకు కాస్త తక్కువే. ఒకసారి మా సెంటర్‌లోనే డి విటమిన్ పరీక్ష చేయించుకుంటే, శాంపిల్ మారిపోయిందేమోనని ల్యాబ్ వాళ్ళు రెండోసారి రక్తం తీసుకున్నారు. మారలేదు.

అయినా రాస్తున్నాను. రేడియాలజీలోకి, అందులోనూ రొమ్ము పరీక్షల వైపు వస్తున్న పిల్లలు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ మిషన్ మంచిది, ఏ ఆసుపత్రిలో జీతం బావుంటుంది. రెండింటికీ నా దగ్గరున్న జవాబులు పాతబడిపోయాయి. నేను మానేశాక మిషన్లు బాగుపడ్డాయి, జీతాలు కూడా పెరిగాయట. రెండూ కాకతాళీయమే అనుకుంటున్నాను.

వాళ్ళు అడగనిది చెబుతాను. మన గదిలోకి వచ్చే మనిషి గడ్డతో మాత్రమే రాదు. ఆ గడ్డ ఎందుకొచ్చిందో ముందే తేల్చుకుని వస్తుంది. జాకెట్టు బిగుతని ఒకామె, అత్తగారని ఇంకొకామె, జేబులో పెట్టుకున్న ఫోనని మరొకామె. ఆ తీర్పుతో ఎలా మెలగాలో ఏ పాఠంలోనూ ఉండదు. నాకది నేర్పింది మౌనిక అనే సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటాను.

అద్దాల్లోంచి ఎండ

మా సెంటర్ కొత్తగూడ చౌరస్తాకు దగ్గర్లో, ఫ్లైఓవర్ దిగగానే వచ్చే సందులో ఉండేది. చుట్టుపక్కల కంపెనీలు ఏటా తమ ఉద్యోగులకు చేయించే హెల్త్ చెకప్‌లే మాకు అన్నం పెట్టేవి. రిపోర్టులు అందిన రోజు ఆఫీసుల్లో డి విటమిన్ అంకె క్రికెట్ స్కోరులా తిరిగేదట. మా రిసెప్షన్‌లో నేనే విన్నాను.

"నీకెంత వచ్చింది?"

"సింగిల్ డిజిట్."

"అరె, నాకన్నా తక్కువ. పార్టీ ఇయ్యాలె మరి."

హైటెక్ సిటీలో ఎండకు కరువు లేదు. కరువల్లా ఒంటికి తగిలే ఎండకే. అద్దాల మేడల్లోకి వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది, ఏసీ బిల్లు వస్తుంది. డి విటమిన్ తయారు చేసే కిరణాన్ని మాత్రం అద్దం గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. వచ్చిన వెలుతురు కూడా కంప్యూటర్ మీద పడి కళ్ళు జిగేలుమంటున్నాయని బ్లైండ్స్ దించుకుంటారు. సాయంత్రం బయటికొచ్చేసరికి సూర్యుడు కూడా డ్యూటీ దిగిపోయి ఉంటాడు. ఇంత మండే ఊళ్ళో ఇందరికి ఎండ లోపమేమిటని మొదట్లో ఆశ్చర్యపోయేదాన్ని. తర్వాత నా అంకె చూసుకుని ఆశ్చర్యపోవడం మానేశాను.

డైరెక్టర్ గారి పోస్టర్

మా సెంటర్ డైరెక్టర్ సుదర్శన్ గారు. మాది కాకినాడ వైపు, ఆయనది గుంటూరు వైపు. కాబట్టి మేం చాలా మర్యాదగా పోట్లాడుకునేవాళ్ళం. ఒక రోజు నా టేబుల్ మీద డి పరీక్షల ప్యాకేజీ కోసం ఒక పోస్టర్ నమూనా పెట్టారు. పసుప్పచ్చని సూర్యుడు, కింద నవ్వుతున్న అమ్మాయి, మధ్యలో పెద్ద అక్షరాలు: ‘డి విటమిన్ లోపం రొమ్ము క్యాన్సర్‌కు దారి.’

"దారి అని తేలలేదండీ సుదర్శన్ గారూ. సంబంధం ఉండొచ్చు అన్నంత వరకే."

"ఉండొచ్చు అని పోస్టర్ మీద వేస్తే ఎవరొస్తారండీ మేడమ్?"

"నిజం కావాల్సినవాళ్ళు."

"వాళ్ళకి మన సెంటర్ చాలా పెద్దదైపోతుందండీ. రెండు కుర్చీలు వేస్తే సరిపోతుంది."

నేను నవ్వాను. నవ్వితే ఒప్పుకున్నట్టే అన్నది ఆయన సిద్ధాంతం. పోస్టర్ గోడెక్కింది. వద్దని మళ్ళీ రెండుసార్లు చెప్పాను, ఆయన రెండుసార్లూ టీ తెప్పించారు.

ఆయన గురించి ఇంకోమాట కూడా చెప్పాలి. కొత్త అల్ట్రాసౌండ్ మిషన్ కావాలని నేను అడిగినప్పుడు ఖర్చు గురించి ఒక్క ప్రశ్న వేయకుండా తెప్పించిన మనిషి ఆయనే. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకు నా సలహా: మిషన్ విషయంలో మంచి బాస్, పోస్టర్ విషయంలో చెడ్డ బాస్ ఒకే మనిషిగా దొరుకుతాడు. రెండో సగం మీద కోపంతో మొదటి సగాన్ని వదులుకోకండి. మొదటి సగం మీద గౌరవంతో రెండో సగం దగ్గర నోరు మూసుకోకండి.

అసలు సంగతి ఎంతవరకు

పోస్టర్‌ను తిట్టుకున్నంత మాత్రాన ఆ ప్రశ్న చిన్నదైపోదు. నిజానికి నా వృత్తిలో నన్ను అన్నిటికన్నా ఊరించిన ప్రశ్న అదే.

రొమ్ములోని కణాలకు డి విటమిన్‌ను గుర్తుపట్టి లోపలికి పిలిచే ఏర్పాటు ఉంది. ఈ సంగతి మొదట చదివినప్పుడు టీ చల్లారబెట్టుకున్నాను. ఎముకల కోసమని చెప్పుకునే విటమిన్‌కు అక్కడేం పని? ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల మీద దాన్ని వేస్తే వాటి దూకుడు తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళలో డి తక్కువగా కనిపించిన పరిశీలనలూ ఉన్నాయి. ఇక్కడిదాకా చదివినవాళ్ళు లేచి వెళ్ళి ఎండలో నిలబడతారు. అది సహజం. నేనూ నిలబడ్డాను.

తర్వాత కూర్చుని మిగతాది చదవాలి. డి తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు చేసి ఇంట్లో ఉండిపోవడం వల్ల డి తగ్గిందా? ఒళ్ళు పెరిగితే ఆ విటమిన్ కొవ్వులోకి చేరి రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. ఒళ్ళు పెరగడం దానంతటదే, ముఖ్యంగా నెలసరి ఆగాక, ఈ క్యాన్సర్‌కు ఒక కారణం. రోజూ ఎండలో నడిచేవాళ్ళకు డి ఎక్కువ. కానీ వాళ్ళు నడుస్తున్నారు కూడా కదా, మేలు ఎండదా, నడకదా? ఈ చిక్కు తేల్చడానికి చాలామందికి ఏళ్ళ తరబడి డి మాత్రలిచ్చి చూశారు. రొమ్ము క్యాన్సర్లు తగ్గాయని ఆ ఫలితాలు ఇప్పటిదాకా స్పష్టంగా చూపలేదు. అలాగని కథ ముగిసిందనీ ఎవరూ అనడం లేదు. బాగా లోపం ఉన్నవాళ్ళ సంగతేమిటి, జబ్బు వచ్చాక దాని నడకలో డి పాత్ర ఏమిటి, ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

తెలియకపోవడంలో ఇంత ఉత్సాహం ఉంటుందని చిన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. పరీక్షల్లో దానికి మార్కులు లేవు.

మౌనిక

చందానగర్ నుంచి వచ్చింది. నలభై దగ్గరపడుతున్న మనిషి, ఒక పెద్ద కంపెనీలో టెస్టింగ్ టీమ్‌కు లీడ్. వెంట భర్త శ్రీకాంత్. అతను ఇంకో కంపెనీలో డెవలపర్. అంటే అతను ప్రోగ్రాములు రాస్తాడు, ఆమె లాంటివాళ్ళు అందులో తప్పులు పడతారు. ఆ ఇంట్లో మాట ఎవరిదో నేను అడగలేదు.

"గడ్డ ఉందని ఎప్పటినుంచి తెలుసమ్మా?" అన్నాను, స్కానింగ్‌కు జెల్ రాస్తూ.

"రెండు వారాలైతుంది మేడమ్. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. గప్పుడే ఆఫీస్ చెకప్ రిపోర్ట్ వచ్చింది. డి మస్తు తక్కువ. ఇగ అర్థమైపోయింది."

"ఏం అర్థమైంది?"

"రూట్ కాజ్ మేడమ్."

తెర మీద గడ్డ కనిపించింది. చిన్నదే. కానీ ప్రమాదం లేని మంచి గడ్డలు అడ్డంగా పడుకుని ఉంటాయి, ఇది నిలువుగా నిలబడి ఉంది. మంచి గడ్డల అంచు గుండ్రాయిలా నున్నగా ఉంటుంది, దీని అంచు చింపిన కాగితంలా ఉంది. మామోగ్రామ్ కూడా అదే మాట చెప్పింది. ఇలాంటప్పుడు మన ముఖం గోడలా ఉండాలి. నా ముఖం ఆ విద్యలో ఎప్పుడూ అత్తెసరు మార్కులే తెచ్చుకుంది.

"దీనికి ముక్క పరీక్ష చేయాలమ్మా. బయాప్సీ. రేపే చేద్దాం."

"చేద్దాం మేడమ్. మూడు నెలల తర్వాత."

శ్రీకాంత్ నేలచూపులు చూశాడు. ఈ మాట అతను ఇంట్లో చాలాసార్లు విన్నట్టున్నాడు.

"మూడు నెలలెందుకు?"

"డి నార్మల్‌కు తీసుకొస్త మేడమ్. డాక్టర్ వారానికొక సాచెట్ రాసిండు. అప్పుడు మళ్ళ స్కాన్ చేద్దాం. గడ్డ తగ్గితే కారణం అదే అని తేలిపోతది. ఇప్పుడే బయాప్సీ, దాని తర్వాత ఇంకేదో ట్రీట్‌మెంట్, మధ్యల డి, అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది? ఒకసారి ఒకటే మార్చాలె. మా టీమ్‌ల ఎవరన్న రెండు మార్పులు కలిపి చేస్తే నేను ఊకోను."

"నిజమే మేడమ్, ఊకోదు" అన్నాడు శ్రీకాంత్. అతను ఆమెను సమర్థిస్తున్నాడో, నాకు మొరపెట్టుకుంటున్నాడో తెలియలేదు. తర్వాత గొంతు తగ్గించి, "వారానికొకటి అని రాస్తే ఈమె వారానికి రెండు తాగుతున్నది. జర మీరైనా చెప్పండి" అన్నాడు.

ఉన్న ఒక్క మార్పునూ రెట్టింపు చేసిందన్నమాట. డి నీళ్ళలో కరిగి బయటికి పోయే విటమిన్ కాదనీ, ఒంట్లో పేరుకుంటుందనీ, మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుందనీ చెప్పాను. అది మాత్రం వెంటనే ఒప్పుకుంది. ఆ తర్వాత నేను పెద్ద పొరపాటు దారి పట్టాను. ఆమెతో వాదనకు దిగాను.

డి గురించి నాకు తెలిసిందంతా విప్పాను. ఆమె ఫోన్ తీసింది. నేను చదివినవన్నీ అందులో ఉన్నాయి, నేను చదవనివి ఇంకొన్ని ఉన్నాయి. నాకు నచ్చినవి నేను చూపించాను, తనకు నచ్చినవి ఆమె చూపించింది. చివరికి చాలా మర్యాదగా అంది:

"మేడమ్, అంతెందుకు? మీ గోడ మీదనే రాసున్నది కద."

వాళ్ళిద్దరూ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. నవ్వుతున్న పోస్టర్ అమ్మాయి పక్క నుంచే వెళ్ళారు.

నేను తిన్నగా సుదర్శన్ గారి గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన టీ తెప్పించలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆ అమ్మాయి మళ్ళీ వస్తుందంటారా?" అని అడిగారు. తెలియదన్నాను.

వాదన ఎవరు గెలిచారు

నాకు మొదటి పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ గారు గవర్నమెంట్ ఆసుపత్రిలో పనిచేసేవారు. రోజంతా అరుస్తూనే ఉండేవారు, మా మీదే. రోగి మీద మాత్రం ఎప్పుడూ గొంతెత్తేవారు కాదు. ఒకసారి నేను ఒకామెతో వాదించి నోరు మూయించి విజయగర్వంతో వస్తే, "గెలిచావా? మంచిది. ఆవిడ రేపటి నుంచి నాటువైద్యుడి దగ్గరికి పోతుంది. నీ గెలుపును ఫ్రేము కట్టించుకో" అన్నారు.

మౌనిక విషయంలో నేను గెలవను కూడా లేదు. ఎక్కడ ఇరుక్కున్నానా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ అమ్మాయి అజ్ఞాని కాదు. ఆమె పద్ధతి మంచి పద్ధతి, తన పనిలో అన్నం పెట్టే పద్ధతి. దాన్ని తన ఒంటికి తగిలించుకుంది. అయితే దాని కింద ఇంకేదో ఉందని నాకు తెలుసు. చదువు లేని ఇంట్లో భయం ఏడుపై బయటికొస్తుంది. చదువుకున్న ఇంట్లో గ్రాఫ్ వేసుకుని వస్తుంది.

నేను అడ్డం పడింది ఆమె సిద్ధాంతానికి. ఆ సిద్ధాంతంలో కొంత నిజం ఉండొచ్చని నాకే అనుమానం. అలాంటప్పుడు అది అబద్ధమని ఎంతకాలం వాదిస్తాను? అసలు దాన్ని ఓడించాల్సిన అవసరమేముంది? ఈ ఆలోచన వచ్చేసరికి నేను తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఉన్నాను. ఎంత హుషారొచ్చిందంటే నా అంతస్తు దాటిపోయాను. పక్కనున్న కుర్రాళ్ళు అప్పటికే తమ ఆఫీసు గొడవలు మాట్లాడుకుంటున్నారు. మా లిఫ్టులో ఎక్కి దిగేలోపు ఎవరైనా ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తి చేయవచ్చు. అలా చెవిన పడిన పాఠమే తర్వాత మౌనిక దగ్గర నాకు పనికొచ్చింది.

పొద్దున్నే మౌనికకు ఫోన్ చేశాను.

"బయాప్సీకి పిలవడం లేదమ్మా. నీ ప్లాన్ పూర్తిగా వినాలనుంది. శనివారం వస్తావా?"

తన టెస్ట్ ప్లాన్‌ను వింటామన్నవాళ్ళను కాదనగలిగిన టెస్టర్ ఇంకా పుట్టలేదు.

"వస్త మేడమ్."

శనివారం

ఈసారి స్కానింగ్ గదిలో కూర్చోబెట్టలేదు. నా గదిలో, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. శ్రీకాంత్ కూడా వచ్చాడు.

"నువ్వు చెప్పిందే నిజం అనుకుందాం మౌనికా. డి తగ్గడం వల్లే గడ్డ వచ్చింది."

అనుమానంగా చూసింది. "నిజంగనే అంటున్నరా, ఊకె అంటున్నరా?"

"అనుకుందాం అంటున్నాను. ఇప్పుడు చెప్పు, ఏం చేస్తావు?"

"డి పెంచుత. మూడు నెలలకు స్కాన్. గడ్డ తగ్గిందా, సరే. తగ్గలేదా, బయాప్సీ."

"తగ్గిందనుకో. తగ్గింది ఏమిటి?"

"గడ్డ మేడమ్."

"ఏ గడ్డ? నీటి తిత్తా, కొవ్వు ముద్దా, వాపా, క్యాన్సరా? మొదట్లో ఏముందో తెలుసుకోకుండా మార్పు మొదలుపెడితే మీ ఆఫీసులో ఏమంటారు?"

శ్రీకాంత్ మెల్లగా అన్నాడు, "బేస్‌లైన్ లేదంటరు మేడమ్. ఈమైతే ఇంక చాన అంటది."

"నువ్వు ఆగు" అంది మౌనిక అతనితో. తర్వాత నాతో, "కానీ మేడమ్, బయాప్సీ గూడ ఒక మార్పే కద?"

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చున్నాను, లేకపోతే చప్పట్లు కొట్టేదాన్నేమో.

"ప్రోగ్రాం తేడాగా నడిస్తే మీరు ముందు ఏం తెరుస్తారు?"

"లాగ్ తెరుస్తం."

"లాగ్ తెరిస్తే ప్రోగ్రాం మారిపోతుందా?"

"మారదు. లోపల ఏం జరిగిందో చదువుతం, గంతే."

"ముక్క పరీక్ష కూడా అంతే. అది వైద్యం కాదు, మార్పు కాదు. చదవడం. నీ నియమం ఒక్కటి కూడా తప్పక్కర్లేదు. చదివాక నీ ఇష్టం."

కిటికీ బయట ఫ్లైఓవర్ మీద బండ్లు హారన్లు కొట్టుకుంటున్నాయి. ఆమె చేతిలోని ఫోన్‌ను టేబుల్ మీద బోర్లా పెట్టింది. మళ్ళీ మాట్లాడినప్పుడు అది టీమ్ లీడ్ గొంతు కాదు.

"చదివినంక అందుల అదే ఉంటే?"

ఇదీ అసలు ప్రశ్న. డి విటమిన్ ఇంతసేపూ దీనికి తలుపులా అడ్డం నిలబడింది.

"ఉంటే ఇప్పుడూ ఉన్నట్టేనమ్మా. మనం చదవలేదు, అంతే."

శ్రీకాంత్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చెయ్యి తీసేయలేదు.

"మా పాప అడుగుతున్నది మేడమ్" అంది, "మమ్మీ రోజూ బాల్కనీల ఎండకు ఒక్కతే ఎందుకు నిలబడుతున్నదని. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు." కళ్ళు తుడుచుకుంది. "డి మాత్రం ఆపను మేడమ్."

"ఆపమని ఎవరన్నారు? వారానికొకటి. రెండు మాత్రం కాదు."

"ఎప్పుడు చేస్తరు?"

"ఇప్పుడు."

సూది

పిల్లలూ, మన వృత్తిలో ఇంతకన్నా ఉత్సాహమైన పని నాకు తెలియదు. మొద్దుబారడానికి మందు ఇచ్చాక, అల్ట్రాసౌండ్ తెర మీద సూది ఒక తెల్లని గీతలా నల్లని గడ్డ వైపు నడుస్తుంది. ఒక చేత్తో ఒంటికి ఆనించిన స్కానింగ్ ప్రోబ్, ఇంకో చేత్తో సూది, కళ్ళు తెర మీద. చెయ్యి వెంట్రుకవాసి కదిలితే గీత మాయమవుతుంది. మళ్ళీ వెతికి పట్టుకోవాలి. గడ్డ అంచుకు చేరాక మీట నొక్కితే స్టాప్లర్ కొట్టినట్టు చప్పుడు. ఆ చప్పుడు గురించి ముందే చెప్పాలి. చెప్పకపోతే రోగి ఎగిరిపడుతుంది, సూది కూడా ఎగిరిపడుతుంది, మీ పరువు చెప్పనక్కర్లేదు.

"ఎన్ని ముక్కలు తీస్తరు మేడమ్?" పడుకునే అడిగింది మౌనిక.

"నాలుగైదు."

"ర్యాండమ్‌గనా?"

"కాదు. చూసి తీస్తాను."

"అయితే ఓకే."

మా టెక్నీషియన్ సునీత నవ్వు ఆపుకోలేక తెర వైపు తిరిగింది.

ఫలితం వచ్చింది. క్యాన్సరే. పిలిచి, కూర్చోబెట్టి, తిప్పకుండా చెప్పాను. తిప్పి చెబితే వాళ్ళు ఆ మలుపుల్లో తప్పిపోతారు. ఆమె కొంతసేపు ఏడ్చింది, శ్రీకాంత్ ఇంకొంచెం ఎక్కువసేపు ఏడ్చాడు. తర్వాత ఆమే అడిగింది.

"సివియారిటీ?"

"చిన్నది. తొలి దశ దాటినట్టు కనిపించడం లేదు. మిగతాది సర్జన్ చెబుతారు."

ఆపరేషన్ ఇంకో ఆసుపత్రిలో జరిగింది. చంకలోని గ్రంథులకు పాకలేదని తేలిన రోజు శ్రీకాంత్ నాకు ఫోన్ చేసి, ఏం చెప్పాలో మర్చిపోయి, బాగున్నారా మేడమ్ అని నన్నే అడిగాడు. బాగున్నానన్నాను. నిజంగానే బాగున్నాను.

క్యాన్సర్ డాక్టర్ గారు ఆమె డి లోపాన్ని కూడా సరిచేశారు. జబ్బుకు మందుగా మాత్రం కాదు. ఆ చికిత్సల్లో కొన్ని ఎముకల్ని బలహీనపరుస్తాయి, వాటికి అండగా. డి విటమిన్‌కు చివరికి ఉద్యోగం దొరికింది. అప్లై చేసిన ఉద్యోగం కాదు, అయినా ఉద్యోగమే.

మూడు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అంతే ఉండేదేమో. పాకేదేమో. కచ్చితంగా చెప్పే డాక్టర్ తగిలితే కాస్త దూరంగా కూర్చోండి. నాకు తెలిసిందల్లా, ఆగి చూడదగ్గ గడ్డా కాదా అన్నది చదివాకే తేలుతుంది.

సుదర్శన్ గారు పోస్టర్ తీయించారు. నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. కొత్తదాని మీద సూర్యుడు లేడు. ‘గడ్డ తగిలితే ముందు చూపించుకోండి. మిగతా ప్రశ్నలు తర్వాత’ అని ఉంది. డి పరీక్షల ప్యాకేజీలు అమ్మడం మాత్రం ఆపలేదు. మనిషి అంత త్వరగా మారితే నాకే అనుమానమొచ్చేది.

ఏడాది తర్వాత

ఏడాది పరీక్షకు మౌనిక వచ్చింది. కీమోకు ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. మామోగ్రామ్ తీసి, స్కానింగ్ చేసి, పాత చిత్రాలు పక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఆమె తెర చూడటం లేదు, నా ముఖం చూస్తోంది. చెప్పానుగా, ఆ విద్యలో నావి అత్తెసరు మార్కులని.

"నవ్వుతున్నరు మేడమ్."

"విసుగొస్తోందమ్మా. చూడ్డానికి ఏమీ లేదు."

మన వృత్తిలో ఇంతకన్నా గొప్ప మాట లేదు. ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత లేచి దుపట్టా సర్దుకుంటూ అడిగింది.

"ఇంతకీ నాకెందుకు వచ్చింది మేడమ్? డి వల్లనేనా?"

"తెలియదు మౌనికా. నీ ఒక్కదాని విషయంలో ఎవరూ చెప్పలేరు."

"మా దగ్గర గూడ ఉంటయి గట్లాంటివి. సరైపోతది గానీ ఎందుకైందో తెల్వదు. నాకు మస్తు మండుతది." తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది. "మేడమ్, మీరు లంచ్‌కు పోతున్నరా?"

"ఏం?"

"మా టీమ్‌ల లావణ్య అని ఉన్నది. గడ్డ తగిలిందంట. డి గూడ తక్కువున్నది. సాచెట్లు అయిపోయినంక చూపించుకుంట అన్నది. నేను ఊకుంటనా? కార్ల ఎక్కించుకొచ్చిన. బయట కూర్చున్నది."

"భయపడుతోందా?"

"భయపడక? చేతులు సల్లగైనయి."

"ఏం కాదని చెప్పావా?"

"లే మేడమ్. తెల్వకుండ ఎట్ల చెప్త? మేడమ్ చూస్తరు, ఏమున్నదో చదివి చెప్తరు అన్న. నేను పక్కన ఉంట అన్న. గంతే."

సునీత అప్పటికే మిషన్ ఆపేసి టిఫిన్ డబ్బా మూత తీసింది. నేను ఆమె వైపు చూశాను. డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది.

"పిలువమ్మా" అన్నాను, లైట్లార్పుతూ.